బువ్వ పెట్టిన కులం: మా నూర్‌బాషాల కథ

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో గ్యాలరీ ఓపెన్ చేయండి. మీ తాతగారి ఫొటోలు ఎన్ని ఉన్నాయి? సరే, ఆయన గొంతు ఎన్ని నిమిషాలు ఉంది?

నా దగ్గర మా తాత ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. గొంతు మాత్రం పదకొండు సెకన్లు. అది కూడా నా బర్త్‌డే వీడియోలో, వెనక నుంచి "ఆ లైటు వెయ్యండిరా" అంటాడు. అంతే. తాత పోయి నాలుగేళ్లయింది.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మేం నూర్‌బాషాలం. ఊళ్లో దూదేకుల సాయిబులు అంటారు. తాత చేసిన పని కూడా అదే, దూది ఏకడం. మనిషంత పొడవు విల్లు, దానికి బిగించిన నరం. కొయ్యతో కొడితే ఆ నరం అదిరి, గడ్డ కట్టిన దూది పొరలు పొరలుగా విడిపోయి లేచేది. ఆ దూదితోనే పరుపులు, దిండ్లు. మంచాలకి నవారు కూడా మావాళ్లే నేసేవాళ్లు. తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి. విల్లు అటక మీదకెక్కింది. అక్కడి నుంచి ఒకరోజు పాత సామాన్ల బండి ఎక్కింది. ఆ విల్లు చప్పుడు నేను రికార్డు చేయలేదు.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. హాస్టల్‌లో నా పేరు చూసి రూమ్మేట్ ఉర్దూలో మొదలుపెట్టాడు. నాకు అర్థం కాలేదు. "ముస్లింవై ఉండి ఉర్దూ రాదా?" అన్నాడు. మా ఇంట్లో తెలుగే. మా నాయనమ్మ దువా కూడా తెలుగులోనే చేసుకుంటుంది. శివరాత్రికి ఊరొచ్చి, కోటప్పకొండ ప్రభ కట్టే దగ్గర ఫ్రెండ్స్‌తో నిలబడితే ఒక పెద్దాయన, "సాయిబుల పిల్లాడివి, నీకెందుకయ్యా ఇది?" అన్నాడు. అక్కడ సగం, ఇక్కడ సగం. మరి మొత్తంగా నేను ఎవర్ని?

అప్పుడు చదవడం మొదలుపెట్టా. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆయన దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. అందులో మా గురించి 1901 మద్రాసు సెన్సస్ రిపోర్టు చెప్పిన మాట ఉంది. దాని సారాంశం ఏంటంటే, వీళ్లు ఇస్లాంలోకి మారినవాళ్లన్నా అయ్యుండాలి, లేదా ముస్లిం మగవాళ్లకీ ఈ దేశపు ఆడవాళ్లకీ పుట్టిన సంతతన్నా అయ్యుండాలి. ఆచారాలు రెండు వైపులవీ కలిసుంటాయి, మాట్లాడేది తెలుగో కన్నడమో అని. ఇంకో విషయం, అందరూ దసరాకి పనిముట్లకు పూజ చేస్తే వీళ్లు బక్రీదుకి చేస్తారట!

ప్రభుత్వం 1970లో ఇచ్చిన బీసీ జాబితాలో మేం బీసీ-బి. అక్కడ మాకు నాలుగు పేర్లున్నాయి: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్. అయినా మీలో చాలామందికి మావాళ్లలో తెలిసిన పేరు ఒక్కటే ఉంటుంది. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య. ఆయన దూదేకుల ఇంట పుట్టినవాడే.

ఇలాంటివాళ్లు మనకే కాదు, అమెరికాలోనూ ఉన్నారు. టెన్నెస్సీ కొండల్లో మెలంజన్లు అని ఉంటారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసిన కుటుంబాలు. ఒకప్పుడు ఆ పేరు తిట్టు. 1834లో టెన్నెస్సీ స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ల ఓటు హక్కు కూడా తీసేసింది. అలాంటి చోట ఆఫ్రికా రక్తం ఉందని ఎవరు చెప్పుకుంటారు? "మేం పోర్చుగీసువాళ్లం" అని చెప్పుకున్నారు. 2012లో డీఎన్ఏ అధ్యయనం వస్తే, వాళ్ల మూలాలు ఎక్కువగా ఆఫ్రికా మగవాళ్లు, యూరప్ ఆడవాళ్లు అని తేలింది. రక్తం ఎక్కడిదో ల్యాబ్ చెప్పింది. కానీ ఆ అవ్వలు ఏం వండారు, పిల్లల్ని ఏమని పిలిచారు, ఎందుకు దాచారు? అది ల్యాబ్ చెప్పదు కదా.

ఇప్పుడు మా ఇంటికొద్దాం. పోయిన సంవత్సరం మా బాబాయి కూతురి పెళ్లి. మా ఇంట్లో నిఖా అయ్యాక నల్లపూసల తాళి కట్టడం ఆనవాయితీ. బాబాయి వద్దన్నాడు. "ఇది మనది కాదు, మానేద్దాం" అన్నాడు. నాయనమ్మ ఒక్కటే అడిగింది: "అది మెడలో ఉండగానే గదరా నిన్ను కన్నది?"

బాబాయిది తప్పని నేను అనను. మసీదులో "మీరు సగం ముస్లింలు" అనిపించుకుని, బయట "సాయిబు" అనిపించుకుని విసిగిపోయిన మనిషి ఆయన. ఏదో ఒక వైపు పూర్తిగా నిలబడాలనుకున్నాడు. తాళి కట్టలేదు. నాయనమ్మ మళ్లీ మాట్లాడలేదు. ఆ రాత్రి పెళ్లికూతుర్ని గదిలోకి పిలిచి, తన నల్లపూసలు తీసి చేతిలో పెట్టింది.

అప్పుడు నాకు తాత పదకొండు సెకన్లు గుర్తొచ్చాయి. తెల్లారి నాయనమ్మని అడిగి, ఫోన్ పక్కన పెట్టి రికార్డర్ ఆన్ చేశా. నలభై నిమిషాలు చెప్పింది. వాళ్ల అత్తగారి అత్తగారు కారంపూడి వైపు నుంచి వచ్చిందంట. అప్పటికి సాయిబులది కాదంట. పేరు చెప్పింది. ఏ కులమో అడిగితే నవ్వి, "బువ్వ పెట్టిన కులం" అంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని మన పల్నాడంతా గొప్పగా చెప్పుకుంటాం కదా. మా నాయనమ్మకి అది చరిత్ర కాదు, అత్తగారిల్లు.

1901 రిపోర్టులో "ఈ దేశపు ఆడవాళ్లు" అని ఉంది చూశారా, వాళ్లకి అక్కడ పేర్లు లేవు. వాళ్లలో ఒకామె పేరు మా నాయనమ్మ నోట్లో ఉంది. ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. నాయనమ్మకి ఎనభై దాటాయి. ఆ నలభై నిమిషాలు లేకపోతే ఆ పేరు ఆమెతోనే పోయేది.

కాబట్టి ఫ్రెండ్స్, మీది ఏ కులమైనా, ఏ మతమైనా, ఈ ఆదివారం ఒక గంట తీయండి. ముందు పెద్దవాళ్ల పర్మిషన్ అడగండి. తర్వాత మూడే ప్రశ్నలు: మన ఇంటికి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు? ఏ పని చేసేవాళ్లు? మనం ఏం మానేశాం, ఎందుకు మానేశాం? ఫైలుకి పేరు, ఊరు, తేదీ పెట్టండి. రెండు చోట్ల దాచండి. నేను ఇంజనీర్‌ని కదా, ఈ ఒక్క మాట నమ్మండి: బ్యాకప్ లేని డేటా ఉన్నా లేనట్టే. వాళ్లు ఒప్పుకోకుండా మాత్రం ఎక్కడా పోస్ట్ చేయొద్దు. అందుకే ఆ అవ్వ పేరు నేనూ ఇక్కడ చెప్పట్లేదు. నాయనమ్మ ఇంకా సరే అనలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.