లీకైన వాయువు ఎటు పోయింది?

1960ల నడిమి కాలంలో సికింద్రాబాదులోని ఒక శీతలీకరణ యంత్రాల పరిశ్రమలో, అన్నామలై విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకొని వచ్చిన ఒక తమిళ యువకుడు ఉద్యోగంలో చేరాడు. యంత్రాల్లో నింపిన చల్లబరిచే వాయువు అంత త్వరగా ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం అతనికి అప్పగించిన పని. అతని పేరు వీరభద్రన్ రామనాథన్. పరిశ్రమకు సంబంధించినంతవరకు వాయువు పోవడమే నష్టం. పోయిన వాయువు ఏమవుతుందన్నది అప్పటికి ప్రపంచంలో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న. పదేళ్లు తిరిగేసరికి, 1975లో, ఆ జాతి వాయువులు భూమిని వేడెక్కిస్తాయని లెక్కగట్టి అమెరికాలోని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది ఆయనే.

ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుని స్మృతిలో ఏర్పాటైన ఈ ఉపన్యాసం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఓజోను పొరను కాపాడుకున్న చరిత్రను దౌత్యవేత్తల విజయంగా చెప్పడం పరిపాటి. వారి పాత్ర తక్కువేమీ కాదు. అయితే వారికంటే ముందు, గాలిలో కలిసిపోయిందని లోకం మరిచిపోయిన వస్తువు వెంటపడి దాని జాడ తీసిన కొద్దిమంది రసాయనశాస్త్రజ్ఞులు ఉన్నారు. అసలు గౌరవం వారికి దక్కాలి.

ఆ వస్తువు పుట్టుక వెనక దురుద్దేశమేమీ లేదు. 1920లలో ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి కారితే ఇంట్లోవాళ్ల ప్రాణాలమీదికి వచ్చేది. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం కార్బన్, క్లోరిన్, ఫ్లోరిన్‌లను కలిపి విషం లేని, మంటలంటుకోని వాయువును తయారుచేసింది. 1930లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుల సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తిమీదికి ఊది దాన్ని ఆర్పి చూపించాడు. క్లోరోఫ్లోరోకార్బన్లు, అంటే సీఎఫ్‌సీలు, అలా ఇళ్లలోకి వచ్చాయి. ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాలు, నురగ పరుపులు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు కడిగే ద్రావణాలు, అన్నింటా అవే. దేనితోనూ చర్య జరపకపోవడం వాటి గొప్ప గుణం. వాన వాటిని కడగలేదు, సముద్రం కరిగించుకోలేదు, సూక్ష్మజీవులు తినలేవు. ఆ గుణం వల్లే విడుదలైన సీఎఫ్‌సీ చెక్కుచెదరకుండా మిగిలి ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

మిగిలే ఉందని కొలిచి చూపినవాడు బ్రిటన్‌కు చెందిన జేమ్స్ లవ్‌లాక్. తాను తయారుచేసిన అతిసున్నితమైన పరికరంతో 1971లో ‘షాకిల్టన్’ నౌక ఎక్కి అంటార్కిటికా వైపు సాగాడు. దారి పొడవునా, జనసంచారం లేని మహాసముద్రాల మీద కూడా, గాలిలో సీఎఫ్‌సీ-11 కనిపించింది. లక్ష కోట్ల అణువుల గాలిలో సుమారు యాభై. 1973లో ఆ ఫలితాలను ప్రకటిస్తూ, దీనివల్ల ఊహించదగిన ప్రమాదమేమీ లేదని ఆయన రాశాడు. ఆ అభిప్రాయం తప్పని తేలింది, కొలత మాత్రం నిలబడింది. శాస్త్రంలో ఇలా జరుగుతూనే ఉంటుంది. అందుకే నిజాయతీగా తీసిన కొలతకు అంత విలువ.

ఆ సంఖ్యను విన్న షెర్వుడ్ రోలండ్, కాలిఫోర్నియాలోని ఇర్విన్‌లో తన దగ్గర కొత్తగా చేరిన మెక్సికో యువకుడు మారియో మొలీనాతో కలిసి, ఈ వాయువు చివరికి ఏమవుతుందో తేల్చడానికి కూర్చున్నాడు. నేల దగ్గర దాన్ని విరిచే శక్తి ఏదీ లేదు కాబట్టి అది మెల్లగా పైకి చేరుతుంది. ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున, మన దాకా రాని తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు తగిలి, అందులోంచి ఒక క్లోరిన్ పరమాణువు ఊడిపోతుంది. అది ఓజోనునుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కొని క్లోరిన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దానికి మరో ఒంటరి ఆక్సిజన్ పరమాణువు తగలగానే క్లోరిన్ మళ్లీ విడిపడి ఇంకో ఓజోను మీదికి పోతుంది. క్లోరిన్ ఇక్కడ ఖర్చు కాదు. ఒక్క పరమాణువు లక్ష ఓజోను అణువుల దాకా నాశనం చేయగలదని అంచనా. ఇక అది ఎదుర్కొనే ఓజోను ఎంత? ఒక చోట తల పైన ఉన్న ఓజోనునంతా నేలమీది పీడనానికి, సున్నా డిగ్రీలకు తెచ్చి పరిస్తే దాని మందం మూడు మిల్లీమీటర్లు, రెండు రూపాయి నాణేలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. 1974 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో ఈ వ్యాసం వెలువడింది. పరిశ్రమ వర్గాలు దాన్ని వట్టి ఊహ అని కొట్టిపారేశాయి.

పదకొండేళ్ల తరవాత రుజువు దొరికింది, అదీ ఎవరూ ఎదురుచూడని చోట. అంటార్కిటికాలోని హాలీ బే స్థావరంలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల చివరినుంచి డాబ్సన్ పరికరంతో ఏటా ఓజోనును కొలుస్తూ వచ్చారు. నిధులిచ్చేవారి కంట పడే ఆకర్షణ ఏదీ లేని, విసుగు పుట్టించే పని అది. అక్టోబరులో మొదట్లో 300 డాబ్సన్ యూనిట్ల దరిదాపుల్లో ఉన్న విలువ 1984 నాటికి 200కు పడిపోయింది. జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ 1985 మేలో ఆ సంగతి ప్రకటించారు. నాసా ఉపగ్రహం కూడా ఆ తగ్గుదలను చూసింది. కంప్యూటరు ఆ విలువలను పారేసిందని ప్రచారంలో ఉన్న కథ నిజం కాదు. అనుమానాస్పదమని గుర్తుపెట్టింది, శాస్త్రజ్ఞులు వాటిని సరిచూసుకుంటూ ఉండగానే హాలీ బే వ్యాసం వచ్చేసింది.

రోలండ్, మొలీనాల లెక్క ఇంత పెద్ద కోతను ఊహించలేదు. చిక్కుముడి విప్పింది రసాయనశాస్త్రజ్ఞురాలు సుసాన్ సాలొమన్. మామూలుగా పైగాలిలోని క్లోరిన్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్ అనే రెండు నిరపాయకర రూపాల్లో బందీగా ఉంటుంది. ధ్రువపు చీకటి శీతకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీలకు దిగువకు జారితే అక్కడ మేఘాలు పుడతాయి. వాటి కణాల మీద ఆ రెండూ ఒకదానితో ఒకటి చర్య జరిపి క్లోరిన్ అణువును విడుదల చేస్తాయి. సెప్టెంబరులో సూర్యుడు తిరిగి రాగానే ఆ అణువు విరిగి విధ్వంసం మొదలవుతుంది. ఫ్రిజ్‌లు ఎక్కువగా ఉన్నది ఉత్తరార్ధగోళంలోనైనా, ఓజోను రంధ్రం మనుషులే లేని దక్షిణ ధ్రువం మీద పడింది ఇందుకే.

1987 సెప్టెంబరు 16న రెండు ఘటనలు జరిగాయి. మాంట్రియల్‌లో 24 దేశాలు సీఎఫ్‌సీల వాడకాన్ని తగ్గించుకుంటామని సంతకాలు చేశాయి. అదే రోజున చిలీలోని పుంటా అరీనాస్ నుంచి ఎగిరిన నాసా ఈఆర్-2 విమానం, జేమ్స్ ఆండర్సన్ అమర్చిన పరికరంతో రంధ్రంలోకి వెళ్లి, క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగిన చోటల్లా ఓజోను తగ్గిందని నమోదు చేసింది. ఆ ఫలితం చేతికి రాకముందే ఒప్పందం కుదిరింది. అనుమానం పూర్తిగా తీరేదాకా ఆగకుండా ముందడుగు వేయడమే మాంట్రియల్ గొప్పతనం. శీతోష్ణస్థితి మార్పు మీద చర్చల్లో ఆ తెగువ కొరవడడం చూస్తుంటే బాధ కలుగుతుంది.

భారతదేశం వెంటనే చేరలేదు. సంపన్న దేశాలు దశాబ్దాలపాటు వదిలిన వాయువుకు పేద దేశాలు మూల్యం చెల్లించాలా అని అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. 1990లో లండన్ సమావేశం వర్ధమాన దేశాలకు ఖర్చు భరించే బహుపాక్షిక నిధికి అంగీకరించింది, 1992లో భారత్ ఒప్పందంలో చేరింది. 2010 నాటికి సీఎఫ్‌సీలను దాదాపు పూర్తిగా మానేసింది. ఈ కథలో హైదరాబాదుకూ ఒక పాత్ర దక్కింది. టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రంనుంచి 1987లో ఎగిరిన బెలూన్, ఓజోను పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోని గాలిని వేర్వేరు ఎత్తులలో పట్టుకొని వచ్చింది. అహ్మదాబాదు ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి చేసిన పని ఇది. కింది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ప్రవేశించే ద్వారం ఉష్ణమండలమే కాబట్టి ఇక్కడి కొలతలకు ప్రత్యేకమైన విలువ ఉంది.

రామనాథన్ లెక్క ఇప్పటికీ వెంటాడుతోంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పెద్దగా అడ్డుపడని పరారుణ తరంగాల మీదుగా భూమి వేడి అంతరిక్షానికి పోతుంది. సీఎఫ్‌సీల బంధాలు సరిగ్గా ఆ తరంగాలనే పీల్చుకుంటాయి. అందుకే వాటి ఒక్కో అణువు కార్బన్ డయాక్సైడ్ అణువుకంటే సుమారు పదివేల రెట్లు బలమైనదని ఆయన చూపాడు. సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లలో, అంటే హెచ్ఎఫ్‌సీలలో, క్లోరిన్ లేదు, ఓజోనుకు హాని లేదు, కానీ వేడిని పట్టే గుణం మాత్రం ఉంది. 2016లో కిగాలీలో వాటినీ ఒప్పందంలో చేర్చారు. భారత్ 2028లో వాటి పెరుగుదలను ఆపి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. ఈలోగా ఏసీ మరమ్మతుకు వచ్చిన మెకానిక్ పైపు విప్పి పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తిరిగి పట్టాలి. అతనికి గ్యాస్‌ను తిరిగి పట్టే యంత్రం, శిక్షణ, అందుకు తగిన కూలి ముట్టాలి. ఒప్పందం అమలయ్యేది ఆ మరమ్మతు జరిగే చోటే.

కాపలా సడలితే ఏమవుతుందో 2018లో తెలిసింది. ఉత్పత్తి ఆగిపోయిందనుకున్న సీఎఫ్‌సీ-11 ఉద్గారాలు 2012 తరవాత మళ్లీ పెరిగాయని స్టీఫెన్ మాంట్‌స్కా బృందం గమనించింది. దక్షిణ కొరియా, జపాన్ కొలత కేంద్రాల సమాచారంతో మరుసటి ఏడాది ఆ జాడ తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబే ప్రాంతాలకు చేరింది. ఆ తరవాత ఉద్గారాలు వేగంగా తగ్గాయి. ఇదే ఊపు కొనసాగితే అంటార్కిటికా ఓజోను 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని 2022 అంతర్జాతీయ నివేదిక అంచనా.

ఒక ముఖ్యమైన వాయువు మాత్రం మాంట్రియల్ పరిధికి బయటే ఉండిపోయింది. మైసూరు విశ్వవిద్యాలయంలో చదివిన ఎ.ఆర్. రవిశంకర, సహచరులు 2009లో చూపినట్టు, ఇప్పుడు మనుషులు వదులుతున్న వాటిలో ఓజోనుకు ఎక్కువ హాని చేసేది నైట్రస్ ఆక్సైడ్. అది గాలిలో నూరేళ్లకు పైగా ఉంటుంది, బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్‌కంటే సుమారు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాని ప్రధాన మూలం ఫ్యాక్టరీ కాదు, పొలం. పైరు పీల్చుకోగా మిగిలిన యూరియా నత్రజనిని నేలలోని బాక్టీరియా ఆ వాయువుగా మారుస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఎప్పుడూ నీళ్లు నిలిచిన వరిచేను మీథేన్‌ను వదులుతుంది. ఆరుతడి ఇస్తే మీథేన్ తగ్గుతుంది, నీళ్లు మిగులుతాయి. కానీ మడి ఆరి మళ్లీ తడిసేటప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పెరిగే అవకాశం ఉంది. యూరియా ఎప్పుడు వేయాలి, ఎన్ని విడతలుగా వేయాలి, నీరు ఎన్నాళ్లు తీసేయాలి అన్నవి నేలనుబట్టి, పంటకాలాన్నిబట్టి మారతాయి. వీటిని తేల్చడానికి రైతు మడిలోనే గాలి నమూనాలు తీసి, ఒక పంటకాలంతో ఆపక, ఏళ్ల తరబడి కొలవవలసి ఉంది.