అర్థమైనదా అని అడిగిన చాలదు

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వానకాలము వచ్చినది. నీళ్ల విరేచనములను గూర్చి మనవారికొక ప్రకటనను తెలుగున అచ్చు వేయవలెనని సంకల్పించితిమి. అచ్చునకు పంపుటకు మునుపు ఒక్క మనవి.

బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ 1980 మొదలు ఇంటింటికి స్త్రీ కార్యకర్తలను పంపి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము అర్ధశేరు నీటిలో కలిపి, విరేచనములైన బిడ్డకు త్రాగించుట తల్లులకు నేర్పినది. పదేండ్లలో కోటి ఇరువది లక్షల యిండ్లకు ఈ బోధ చేరినది. కార్యకర్తకు జీతము తిరిగిన యిండ్ల లెక్కను బట్టి గాక, పిదప వేరొకరు పోయి అడిగినప్పుడు తల్లి ఎంత జ్ఞప్తి యుంచుకొని చెప్పెనో దానిని బట్టి యిచ్చిరి.

అయినను తొలిదినములలో, పాఠము చక్కగా అప్పగించిన తల్లులలో పలువురు బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ నీరు పట్టలేదు. విచారింపగా, ఆ పల్లెలవారు విరేచనములను నాలుగు విధములుగా నెంచి వేర్వేరు పేర్లతో పిలుతురనియు, బోధలో వాడిన పేరు కలరా వంటి తీవ్రమైన జబ్బునకే చెల్లుననియు తేలినది. తల్లులు మూఢులు కారు. చెప్పినవారి మాటయే తప్పినది.

ఈ సంగతి మనకు మరింత వర్తించును. తరతరములుగా తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీల నడుమ నున్న మన యిండ్ల తెలుగును, పుస్తకముల తెలుగును ఒకటి గావు. "అతిసారము" అన్న మాట మన అవ్వలలో ఎందరికి తెలియును? వారు బేదులందురు. "విరేచనమునకు మందు" అనిన, అది కట్టుటకో, అగుటకో?

కావున ప్రకటనను మొదట పది యిండ్లలో చదివి వినిపింతము. "అర్థమైనదా?" అని అడుగవలదు, మర్యాదకు అందరును అయినదనియే అందురు. "అమ్మా, పొరుగింటి కోడలికి దీనిని మీ రెట్లు చెప్పెదరు?" అని అడుగుదము. ఓఆర్‌ఎస్ పొట్లమిచ్చి, వారి యింటి చెంబుతోనే కలిపి చూపుడందము. లీటరు నీటికి చేసిన పొట్లమును చిన్న గ్లాసు నీటిలో కలిపిన, ఉప్పు హెచ్చి బిడ్డకు కీడగును. వారు తడబడిన చోట దోషము మన వాక్యమునది; అక్కడ దిద్దుదము. వారి నోట వచ్చిన మాటనే అచ్చు వేయుదము.

ఇందుకు రెండు వారములు ఆలస్యమైన కానిండు. కాగితము మరల అచ్చు వేయవచ్చును. మాట చేరక పోయిన బిడ్డను తేలేము. ఇండ్లకు వచ్చి వినిపింపగల సోదరీమణులు సభానంతరము తమ పేర్లిచ్చి పోవలెనని ప్రార్థించుచున్నాము.