కొలనుకు ఏ ఆమ్లం? – ఒక గుమాస్తా లెక్క

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఈత కొలనులో పి.హెచ్.ను యంత్రం చేత అదుపు చేయించడానికి ఏ ఆమ్లం మేలు అన్న విషయం మీద మాట్లాడతానని చెప్పినప్పుడు కార్యదర్శి గారు కళ్లద్దాలు సవరించుకుని నా వంక చూశారు. "ఉద్దానంలో తాగే నీళ్ల సంగతి వదిలేసి ఈత కొలను గొడవ మనకెందుకండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను కూర్చునే వేళకు ఈ రెండింటికీ సంబంధం ఉందని మీకు తోచకపోతే ఆ తప్పు నాదే.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. మనం ఆరేసి నెలలు వెళ్లి వస్తున్నాం. అక్కడ పెరట్లో కొలను ఉంటే, పగలు ఇంట్లో ఉండేది మనమే గనుక దాని ఆలనాపాలనా చివరికి మన మీదే పడుతుంది. నేను 2023 వేసవిలో డల్లాస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఎండ అచ్చం మన మే నెల ఎండే. పెరట్లో సుమారు 60 వేల లీటర్ల కొలను. రోజూ సాయంత్రం మనవడు, మనవరాలు అందులోనే.

ఆమ్లం అంటే ఏమిటో పలాస వారికి వేరే చెప్పనక్కరలేదు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చోవడం చూస్తూ పెరిగినవాళ్లం. ఆ తొక్కలోని జీడినూనె చర్మాన్ని కాల్చడానికి కారణం అందులోని అనకార్డిక్ ఆమ్లం. ఇక పి.హెచ్. అంటే నీటి పులుపును కొలిచే లెక్క. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టాడు. 7 అంటే తటస్థం. అంతకు తక్కువ ఆమ్లం, ఎక్కువ క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. అందుచేత 7.2, 7.8 మధ్య తేడా చూడ్డానికి చిన్నదే గాని ఫలితంలో చిన్నది కాదు.

కొలనులో క్రిములను చంపేది క్లోరిన్. పి.హెచ్. 7.5 దగ్గర ఆ క్లోరిన్‌లో సుమారు సగం చురుకుగా పనిచేసే రూపంలో ఉంటుంది. 8కి పోతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఎండకు క్లోరిన్ నశించకుండా సయన్యూరిక్ ఆమ్లం కలిపిన కొలనులో ఈ తేడా కొంత తగ్గుతుంది. పేరులో ఆమ్లం ఉన్నా అది పి.హెచ్. దించడానికి వేసేది కాదు, పొరబడవద్దు. పి.హెచ్. మరీ పెరిగితే సున్నం పొరలు కడుతుంది. మరీ తగ్గితే సిమెంటు పూతను, లోహాలను నీరే తినేస్తుంది, కళ్లు మండుతాయి.

మరి పి.హెచ్. ఊరికే ఎందుకు పెరుగుతుంది? గోళీసోడా కొట్టి పక్కన పెట్టండి. గ్యాసు పోయాక ఆ చురుకు ఉండదు. కొలను నీటిలోని బొగ్గుపులుసు వాయువు కూడా అలాగే గాలిలోకి పోతుంటే పి.హెచ్. మెల్లగా పైకి పోతుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తయారు చేసే యంత్రం ఉన్న కొలనులో బుడగలు ఎక్కువ కనుక అది ఇంకా తొందరగా పెరుగుతుంది. అందుకే అక్కడ ఒక చిన్న యంత్రం పెడతారు. నీటిలో మునిగి ఉన్న కొలత కడ్డీ పి.హెచ్. చెబుతుంది, ఒక చిన్న పంపు గొట్టాన్ని పిండి పిండి డబ్బాలోని ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది.

ఆ డబ్బాలో ఏ ఆమ్లం పోయాలి? మా ఇంట్లో వాదన అక్కడే వచ్చింది.

మొదటిది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అక్కడి దుకాణాల్లో 31 శాతం గాఢతతోనూ, అందులో సగం గాఢతతోనూ దొరుకుతుంది. చవక. దోషం దాని పొగ. మూత తీస్తే ముక్కు మండుతుంది, దగ్గరున్న ఇనుప సామానుకు తుప్పు పట్టిస్తుంది. రెండోది సల్ఫ్యూరిక్ ఆమ్లం, మన చిన్నప్పటి పాఠ్యపుస్తకంలో గంధకికామ్లం. కొలనులకు నీరు కలిపి పలచన చేసినదే అమ్ముతారు. పొగ రాదు. మూడోది సోడియం బైసల్ఫేట్, పొడి రూపంలో ఉంటుంది. మోయడానికి, దాచడానికి తేలిక. నీళ్లలో కరిగించి డబ్బాలో పోయవచ్చు. నాలుగోది బొగ్గుపులుసు వాయువే, సిలిండరు నుంచి వదులుతారు. అది నీటిలో ఏ లవణాన్నీ మిగల్చదు. కానీ నీటి క్షారతను తగ్గించలేదు, మళ్లీ గాలిలోకి పోతుంది. సిలిండర్లు మార్చుకోవాలి, మూసిన గదిలో కారితే ప్రాణాపాయం. పెద్ద పెద్ద కొలనులకు చెల్లుతుంది గాని ఇంటికి బరువు. నిమ్మ ఉప్పు వేయకూడదా అని మా కోడలు అడిగింది. అది క్లోరిన్‌నే తినేస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం వేస్తే నాచుకు ఎరువు వేసినట్టే.

మా అబ్బాయి మొగ్గు సల్ఫ్యూరిక్ ఆమ్లం వైపు. "పొగ ఉండదు నాన్నా, పంపు పెట్టెలో తుప్పు బాధ తప్పుతుంది" అన్నాడు. నేను ముప్పై ఏళ్లు జమాఖర్చులు రాసినవాణ్ణి. నాకు తోచిన ప్రశ్న ఒక్కటే. ఈ ఆమ్లం తన పని చేసి పోయాక, నీటి ఖాతాలో ఏం మిగులుస్తుంది?

సల్ఫ్యూరిక్ ఆమ్లమైనా, బైసల్ఫేట్ పొడి అయినా మిగిల్చేది సల్ఫేట్. నీరు ఆవిరై పోతుంది గాని సల్ఫేట్ పోదు, ఏటికేడు పేరుకుంటుంది. ఎక్కువైతే సిమెంటు పూతకు, కాంక్రీటుకు చేటు. ఉప్పు యంత్రం పలకల మీద కూడా పొర కట్టవచ్చు. దాన్ని వదిలించుకోవాలంటే మామూలు ఇంట్లో ఒకటే దారి, కొలనులో నీరు తోడి పారబోసి కొత్త నీరు నింపడం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగిల్చేది క్లోరైడ్. అంటే ఉప్పులో ఉండేదే. మా వాడి కొలనులో లీటరుకు 3 గ్రాముల చొప్పున ఇప్పటికే 180 కిలోల ఉప్పు ఉంది. ఒక లీటరు గాఢ ఆమ్లం వల్ల చేరేది సుమారు 600 గ్రాముల ఉప్పుకు సమానం. 180 కిలోల మీద 600 గ్రాములు! పైగా నీరు చిందినప్పుడు, ఫిల్టరు కడిగినప్పుడు పోయే ఉప్పును ఎటూ పూరించాల్సిందే.

కార్యదర్శి గారు అడిగిన ఉద్దానం సంబంధం ఇక్కడే ఉంది. బిందెడు మంచినీళ్ల కోసం మూత్రపిండాల జబ్బు భయంతో బతికే ఊళ్ల నుంచి వెళ్లినవాణ్ణి. ఆ ఏడాది డిసెంబరులోనే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమైంది. అటువంటి నేను, ఆమ్లం సరిగా ఎంచుకోని పాపానికి 60 వేల లీటర్లు మురుగు కాలువలోకి వదలడాన్ని ఎలా ఒప్పుకుంటాను? మా వాడికి ఇదే చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "సరే నాన్నా, హైడ్రోక్లోరిక్కే వాడదాం. సగం గాఢతది తెస్తాను, డబ్బా పంపు పెట్టెకు దూరంగా ఆరుబయట పెడదాం" అన్నాడు. అలాగే చేశాం.

అయితే ఆమ్లం ఎంపికతో కథ ముగియలేదు. నేను పాత అలవాటు కొద్దీ ఒక నోటు పుస్తకం పెట్టి, రోజూ ఉదయం చుక్కల మందుతో పి.హెచ్. చూసి, డబ్బాలో ఆమ్లం మట్టం చూసి రాసేవాణ్ణి. "మెషీన్ చూసుకుంటోంది కదా నాన్నా, నీకెందుకు శ్రమ?" అన్నాడు. "మెషీన్‌ని ఎవరు చూసుకుంటార్రా?" అన్నాను.

ఆగస్టులో ఒక రోజు పొద్దున యంత్రం మీద 7.9 అని ఉంది. నా సీసాలో చుక్కలు వేస్తే ఎరుపు రావలసింది పసుపు వచ్చింది. అంటే 6.8కి గాని ఇంకా కిందకు గాని పోయిందన్న మాట. డబ్బా చూస్తే వారాల తరబడి రావలసిన ఆమ్లం నాలుగు రోజుల్లో సగానికి దిగిపోయింది. కొలత కడ్డీ చెడి తప్పు చెబుతోంది, యంత్రం దాన్ని నమ్మి పోస్తూనే ఉంది. రోజుకు ఇంతకు మించి పోయరాదు అన్న హద్దు మేమెవరం పెట్టలేదు. ఆవేళ ఆదివారం. పిల్లలిద్దరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు. "తాతయ్యా, దిగమంటావా?" అని మనవరాలు అడుగుతోంది. ఆ పుస్తకమే లేకపోతే నేను దిగమనే వాణ్ణి. యంత్రం ఆపి, వంట సోడా కలిపి, నీరు దారికి వచ్చాకే వాళ్లను దించాం.

ఆ తర్వాత మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. తూకం రాళ్లకు గడువు ప్రకారం ముద్ర వేయించినట్టు కొలత కడ్డీని తెలిసిన పి.హెచ్. ద్రావణాల్లో ముంచి తరచూ సరిచూడాలి. రోజుకు ఇంతేనని యంత్రానికి హద్దు పెట్టాలి. నీరు పారకపోతే ఆమ్లం పంపు దానంతట అదే ఆగిపోవాలి. ఈ చివరిది చిన్న విషయం కాదు. 2015లో కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీలో ఒక బహిరంగ కొలనులో నీటి పంపు ఆగి, మళ్లీ మొదలైనప్పుడు క్లోరిన్ వాయువు వెలువడి ఈతకు దిగినవారు అస్వస్థులయ్యారు. గొట్టంలో ఆమ్లం, క్లోరిన్ ద్రవం కలిస్తే జరిగేది అదే.

మన పలాసలో, టెక్కలిలో ఇళ్లలో కొలనులు అరుదు. కానీ స్నానాల గదిలో యాసిడ్ సీసా, దాని పక్కనే బ్లీచింగ్ పౌడరు డబ్బా లేని ఇల్లు ఎన్ని? మరక పోలేదని రెండూ కలిపి పోస్తారు. పుట్టేది 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో సైనికులను చంపిన క్లోరిన్ వాయువే. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకానికి గుర్తింపు కార్డు, రిజిస్టరు ఉండాలని చెప్పింది. మన ఇంటి గూట్లో మాత్రం ఏ రిజిస్టరూ లేదు. ఈ రోజే ఇంటికి వెళ్లి ఆ రెండింటినీ వేరు వేరు చోట్ల పెట్టండి. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయరాదు. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

కాబట్టి నా లెక్క ఇది. ఉప్పు యంత్రం ఉన్న సిమెంటు కొలనుకు సగం గాఢత హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆరుబయట, క్లోరిన్‌కు దూరంగా. ఇంట్లో బరువులెత్తలేని పెద్దవారే చూసుకోవాల్సి వస్తే బైసల్ఫేట్ పొడి తీసుకోవచ్చు, సల్ఫేట్ ఖాతా మీద ఒక కన్ను ఉంచి. ధర ఒక్కటే చూసి మాత్రం ఏదీ కొనకండి. ఏది వాడినా పక్కన ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు ఉండాలి. ఉద్యోగ విరమణ చేశామని రాయడం మానేస్తే ఎలా?