కూలి లేని కోత



ఈ వారం ఒక ఉత్తరాన్ని గురించి మాట్లాడదలచాను. అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు దంపతులు వ్రాశారు. డిసెంబరులో సెలవు పెట్టి హవాయి పెద్ద దీవికి వెళ్లాలని, హోటల్లో దిగకుండా కోనా ప్రాంతంలోని ఒక సేంద్రియ కాఫీ తోటలో రెండు వారాలు పని చేస్తూ ఉండాలని భర్త కోరిక. ఆయన రెండు పేజీలు వ్రాశారు. భార్య వ్రాసినవి నాలుగే వాక్యాలు. "అయ్యగారూ, మా అమ్మ గుంటూరు జిల్లాలో మిరపకాయల కోతకు కూలికి వెళ్లి నన్ను చదివించింది. ఫోనులో ఈ సంగతి చెబితే, కూలి ఇవ్వరా, మరెందుకు వెళ్తున్నారమ్మా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీరు చెప్పండి."

ఆ తల్లి ప్రశ్న చాలా పెద్ద ప్రశ్న.

ముందు ఈ ఏర్పాటు ఏమిటో తెలియని వారికి చెబుతాను. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేస్తున్న సూ కోపార్డ్ అనే ఆమె, పట్నం వాళ్లు శని ఆదివారాలు పల్లెకు వెళ్లి సేంద్రియ పొలంలో పని చేసేలా ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. అదే వూఫ్ అనే పేరుతో నేడు అనేక దేశాలలో, మన దేశంలో కూడా నడుస్తోంది. సాధారణంగా రోజుకు నాలుగు నుండి ఆరు గంటల పని. బదులుగా భోజనం, పడక. డబ్బు చేతులు మారదు. ఒకప్పుడు ఆ సంస్థ పేరులో "వర్కర్స్" అనే మాట ఉండేది. వీరు వలస కూలీలని అధికారులు పొరబడుతుంటే తర్వాత ఆ మాట మార్చారు. చూశారా, గుంటూరు తల్లికి వచ్చిన సందేహమే ఇమ్మిగ్రేషన్ వారికీ వచ్చింది!

కోనాకు కాఫీ మొక్కను 1828లో తెచ్చినవాడు శామ్యూల్ రగల్స్ అనే మిషనరీ. నేటికీ అక్కడ ఎక్కువగా చిన్న చిన్న కుటుంబ తోటలే. అరకు చూసినవారికి పని తెలుసు. ఒకే కొమ్మ మీద పచ్చి కాయ, ఎర్రని పండు కలిసి ఉంటాయి. ఎర్రవి మాత్రమే చేత్తో కోయాలి, పచ్చివి పండాక మళ్లీ అదే చెట్టు దగ్గరకు రావాలి. సుమారు 7 పౌన్ల పండ్లు కోస్తే ఒక పౌను వేయించిన కాఫీ. 2010లో అక్కడ కాయతొలుచు పురుగు కనబడింది. అది గింజలోనికి దూరి గుడ్లు పెడుతుంది గనుక పైపైన మందు కొడితే అందదు. సేంద్రియ రైతులు ఆ పురుగును చంపే ఒక బూజును చల్లుతారు. కోత ముగిశాక చెట్టు మీద ఎండిన కాయలు, నేల రాలినవి కూడా ఏరివేస్తారు. ఒక్కటి మిగిలినా అది పురుగుకు ఇల్లు.

లేవీయకాండము 19లో పరిగె విడిచిపెట్టమన్నాడు గదా, ఇక్కడ ఒక్క కాయ విడిచినా నష్టమే గదా అని మీరు అడగవచ్చు. పరిగె గింజల కోసం ఇచ్చిన ఆజ్ఞ కాదు, బీదవాని కోసం ఇచ్చినది. కనుక కాఫీ తోటలో బీదవాడు ఎవరో వెదకాలి. కోనాలో పౌనుకు ఇంత అని కూలికి కోసేవారున్నారు, మెక్సికో నుండి వచ్చినవారున్నారు. మనం సెలవుల్లో వెళ్లి ఉచితంగా కోసిన బుట్ట వారి పిల్లల ఫీజు కావచ్చు. ద్వితీయోపదేశకాండము 24 చదవండి, యాకోబు పత్రిక 5 చదవండి. కూలి సంగతిలో మన దేవుడు ఎంత కచ్చితమో తెలుస్తుంది.

తమ్ముడూ, బయలుదేరక ముందే ఆ రైతుకు వ్రాసి అడగండి: నిరుడు ఈ పని ఎవరు చేశారు? కూలివారా? అయితే ఆ తోటకు వెళ్లకండి. ఇద్దరు ముసలివారు ఎవరినీ పెట్టుకోలేక రాలిన కాయలు తామే ఏరుకుంటుంటే, వెళ్లండి, సంతోషంగా ఏరండి. ఆ తల్లికి నా జవాబు ఇదే. మీరు వీసా మీద ఉన్నవారైతే న్యాయవాదిని కూడా అడగండి. భోజనం, పడక కూడా ప్రతిఫలమేనని అధికారులు లెక్కించవచ్చు.

ఇక భార్యాభర్తల సంగతి. అకుల ప్రిస్కిల్లల పేర్లు క్రొత్త నిబంధనలో ఎప్పుడు వచ్చినా కలిసే వస్తాయి. రోమా నుండి వెళ్లగొట్టబడి కొరింథుకు, అక్కడనుండి ఎఫెసుకు ప్రయాణించారు. ఇద్దరి వృత్తీ డేరాలు కుట్టడమే. ఆమె వంటింట్లో ఉంది, ఆయన డేరా కుట్టాడు అని లూకా వ్రాయలేదు. కాని ఇలాంటి తోటలకు జంటలు వెళ్లినప్పుడు భర్త చెట్ల దగ్గరకు, భార్య సింకు దగ్గరకు వెళ్లడం సులభంగా జరిగిపోతుంది.

ఆ సింకు పని కూడా చిన్నది కాదు. పెద్ద దీవిలో ఎలుకల నుండి నత్తలకు చేరే ఒక సన్నని పురుగు ఉంది. ఆకుకూర మీద కంటికి ఆనని నత్తపిల్లతో కడుపులోకి పోతే మెదడుకు జబ్బు చేస్తుంది. అందుకే పచ్చిగా తినే ప్రతి ఆకునూ రెండువైపులా తిప్పి, పారే నీళ్లలో కడగాలి. విసుగు పుట్టించే పని. అందరి ఆరోగ్యం దాని మీద ఉంటుంది, ఫొటోలో మాత్రం రాదు. తమ్ముడూ, ఆకు కడిగే వంతు మొదట మీరు తీసుకోండి. మిరప చేను చూసిన ఆమె చేతులు కోతలో మీకంటే చురుగ్గా ఉంటాయేమో!

చెల్లెమ్మా, మీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పండి. సెలవు రెండు వారాలే. గుంటూరులో అమ్మ దగ్గర గడిపినా తప్పు లేదు.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, నేడు కొండ వాలులో ఎండకు బుట్ట నింపుతున్న కూలివారిని జ్ఞాపకం చేసికొనుము. సాయంత్రానికి వారి కూలి వారి చేతికి అందనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.