రికార్డులో లేనిది అప్పీలులో ఉండదు

(భిలాయిలో తెలుగు విద్యార్థులు, యువ న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను హైకోర్టు వకీలని పరిచయం చేశారు. అది సగమే నిజం. బిలాస్‌పూర్‌లో అప్పీళ్లు వాదించడానికి ముందు పదమూడేళ్లు దుర్గ్ జిల్లా కోర్టులో ట్రయల్ కేసులు నడిపాను. ఇవాళ నేను చేస్తున్న పనికి ఆ పదమూడేళ్లే పునాది. మీలో చాలామంది అడుగుతున్నారు: "ప్రాక్టీసు ఎక్కడ మొదలుపెట్టాలి? నేరుగా హైకోర్టుకు వెళ్తే తప్పా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను. నా దృష్టిలో అది కెరీర్ ప్రశ్న మాత్రమే కాదు, మన కేసులు ఎందుకు ఓడిపోతున్నాయన్న ప్రశ్న కూడా.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 28 తెల్లవారకముందు, ఇదే భిలాయిలో హడ్కో కాలనీలో నిద్రలో ఉన్న శంకర్ గుహా నియోగిని కిటికీలోంచి కాల్చి చంపారు. ఒకటి కుల హత్యాకాండ. రెండోది కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన నాయకుడి హత్య. రెండు చోట్లా జనం ఏళ్ల తరబడి పోరాడారు. ఇక్కడ నియోగి చనిపోయిన మరుసటి ఏడు, 1992 జూలై 1న, పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు.

రెండు కేసుల్లోనూ కింది కోర్టు శిక్ష వేసింది. రెంటిలోనూ హైకోర్టు కొట్టేసింది.

నియోగి కేసులో దుర్గ్ సెషన్స్ కోర్టు 1997 జూన్‌లో ఐదుగురికి యావజ్జీవం, కాల్చిన పల్టన్ మల్లాకు ఉరిశిక్ష వేసింది. ఏడాదికి, 1998 జూన్‌లో, జబల్‌పూర్ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు పల్టన్ మల్లా ఒక్కడికే యావజ్జీవం వేసి, మిగతావారి విడుదలను ఖాయం చేసింది. తుపాకీ పట్టినవాడికి శిక్ష పడింది, కుట్ర మాత్రం రుజువు కాలేదు. చుండూరులో మనవాళ్లు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ 56 మందినీ విడుదల చేసింది. దాడి జరిగిన సమయం, స్థలం, దాడి చేసినవారి గుర్తింపు ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది.

ఈ తీర్పులు విన్నప్పుడు కోపం వస్తుంది, రావాలి కూడా. జడ్జిల సామాజిక నేపథ్యం గురించి మనం అడగాల్సిన ప్రశ్నలు అడుగుతూనే ఉండాలి. కానీ న్యాయవాదిగా నేను ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. చుండూరు ట్రయల్ జడ్జి ఆ ఊళ్లో కూర్చుని సాక్షుల ముఖాలు చూశారు, గొంతు విన్నారు. హైకోర్టు ముందున్నది కాగితం. సాక్షి ఏడ్చిందా, నిందితుడి వైపు చూసి మాట ఆపేసిందా, ఏ కాలువ గట్టు వైపు చెయ్యి చూపించింది అన్నవి ఆ కాగితంలో లేకపోతే అప్పీలు కోర్టు దృష్టిలో అవి జరగనట్టే. సాక్షి తీరును జడ్జి నమోదు చేయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది. వకీలు అడగకపోతే ఎన్ని కోర్టుల్లో అది నమోదవుతుంది?

నియోగి తనకు ప్రాణహాని ఉందని డైరీలో రాసుకున్నారు, క్యాసెట్‌లో రికార్డు చేశారు. చనిపోయిన మనిషి మాట సాక్ష్యమవుతుందా అన్నదానికి మన తెలుగు నేల కేసే పాఠం. 1937లో పూరీ స్టేషన్‌లో రైలు పెట్టెలో ఒక ట్రంకు పెట్టె, అందులో శవం దొరికాయి. హతుడు పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు. తనకు రావాల్సిన డబ్బు కోసం బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయల్దేరాడు. పాకాల నారాయణస్వామి కేసుగా పేరుపడిన ఆ అప్పీలులో, 1939లో ప్రివీ కౌన్సిల్ ఆ మాటను సాక్ష్యంగా అంగీకరించింది. అదే తీర్పులో ఒక గీత కూడా గీసింది: చావుకు దారితీసిన సందర్భంతో నేరుగా సంబంధం లేని భయాలు, అనుమానాలు సాక్ష్యం కావు. కాబట్టి డైరీలోని భయాన్ని హత్యతో కలిపే ముడి ఒక్కొక్క సాక్షి ద్వారా ట్రయల్‌లోనే పడాలి. పైకోర్టులో ఎంత గొప్ప వాదనైనా లేని ముడిని వేయలేదు.

దీనికి మనకున్న గొప్ప ఉదాహరణ మహద్. చవదార్ చెరువు సత్యాగ్రహం మనందరికీ తెలుసు, దాని వెనక పదేళ్లు నడిచిన సివిల్ దావా కొందరికే తెలుసు. 1927 డిసెంబరులో సవర్ణులు బాబాసాహెబ్‌నే ప్రతివాదిగా చేర్చి దావా వేశారు. అంటరానివాళ్లను ఆ చెరువుకు రానివ్వకపోవడం అనాది ఆచారమని వాళ్ల వాదన. ఆచారం ఉందన్నవాడే దాన్ని నిరూపించాలి. అక్కడే కింది కోర్టులో వాళ్ల సాక్ష్యం తేలిపోయింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు, అనాది ఆచారం రుజువు కాలేదంటూ వాళ్ల రెండో అప్పీలును కొట్టేసింది. అది ఇంకా రాజ్యాంగం, 17వ అధికరణం లేని కాలం. ఒక మున్సిపల్ చెరువు గురించి కింది కోర్టులో తేలిన వాస్తవాలే అక్కడ మనకు అండగా నిలబడ్డాయి.

బాబాసాహెబ్ 1923లో బొంబాయి హైకోర్టు అప్పిలేట్ సైడ్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. హైకోర్టు గదికే పరిమితం కాలేదు. 1926లో పుణెలో బ్రాహ్మణేతర నాయకుల తరఫున అప్పీలు గెలిచారు. 1927లో ఫిలిప్ స్ప్రాట్ రాజద్రోహం ట్రయల్లో వాదించారు. మన బొజ్జా తారకం గారు నిజామాబాద్ కోర్టు నుంచి హైదరాబాద్ హైకోర్టుకు వెళ్లారు. 1985లో కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాయగలిగారంటే ఠాణాలో ఏం జరుగుతుందో ఆయనకు దగ్గరగా తెలుసు కాబట్టే. ఈ భిలాయిలోనే కార్మిక సంఘంలో పనిచేస్తూ 2000లో లా పట్టా తీసుకున్న సుధా భరద్వాజ్, కార్మికుల కేసులతో హైకోర్టు దాకా వెళ్లారు. 2018లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టై మూడేళ్లకు పైగా జైల్లో ఉండి, 2021 డిసెంబరులో బెయిలుపై బయటికొచ్చారు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక అట్రాసిటీ కేసు అప్పీలులో నేను బాధితుడి తరఫున నిలబడ్డాను. కులం పేరుతో తిట్టింది 'టెంపుల్' దగ్గర అని ఇంగ్లీషు అనువాదంలో ఉంది. పట్వారీ గీసిన నక్షాలో గుడే లేదు. సాక్షులు కల్పించి చెప్తున్నారని అవతలి వకీలు వాదించాడు. నేను అసలు వాంగ్మూలం తెప్పించి చూశాను. అందులో 'గుడీ' అని ఉంది. మన తెలుగువాళ్లకు గుడి అంటే దేవాలయం. బస్తర్‌లోనూ అంతే. దుర్గ్ పల్లెల్లో మాత్రం గుడీ అంటే ఊరి జనం కూర్చునే రచ్చబండ. నక్షాలో రచ్చబండ ఉంది. పదిమంది చూసే చోట అవమానం జరగాలని చట్టం అడుగుతోంది, రచ్చబండ కన్నా పదిమంది చూసే చోటు ఏముంది? శిక్ష నిలబడింది. ఆ మాట నాకు ఏ లా పుస్తకమూ నేర్పలేదు. దుర్గ్ కోర్టు వరండాలో సాక్షుల పక్కన కూర్చుని టీ తాగితే వచ్చింది.

అందుకే ట్రయల్లో ఉన్న వకీలు ప్రతి రోజూ అప్పీలు కోసమే పనిచేస్తున్నాననుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం ఫైల్లో ఉంటే చాలదు, ఎగ్జిబిట్‌గా మార్క్ కావాలి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని సాక్ష్యంలో రావాలి. దర్యాప్తు చేసింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారేనా అని మొదటి రోజే చూడాలి. 2015 సవరణ 15ఏ సెక్షన్ ద్వారా బాధితులకు ప్రతి దశలో తమ మాట వినిపించుకునే హక్కు, విచారణ మొత్తాన్ని వీడియో తీయాలన్న నియమం ఇచ్చింది. ఆ వీడియో కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కూడా రికార్డులోకి వస్తుంది. 14ఏ కింద హైకోర్టు అప్పీలు చట్టం మీదే కాదు, వాస్తవాల మీద కూడా. కాబట్టి ప్రతి వాస్తవం లెక్కలోకి వస్తుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. మనవాళ్లు బాధితులుగానే కాదు, నిందితులుగానూ కోర్టులో నిలబడుతున్నారు. 2017 బుర్కాపాల్ దాడి కేసులో 121 మంది ఆదివాసీలను అరెస్టు చేశారు. 2022 జూలైలో కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలింది. ఐదేళ్లు మాత్రం తిరిగి రాలేదు. అక్కడ వాళ్లను కాపాడింది కూడా సందేహానికి మించిన రుజువు కావాలనే సూత్రమే. చుండూరులో అదే సూత్రం మనకు వ్యతిరేకంగా పనిచేసిందని దాన్ని వదులుకోలేం. జైలు గోడల లోపల ఎక్కువగా ఉన్నది మన జనమే. సందేహానికి తావులేని రికార్డు మన కేసుల్లో తయారుచేయడమే మనకున్న దారి.

మరి మన పిల్లలు ట్రయల్ కోర్టుకు ఎందుకు రావడం లేదు? మనసు లేక కాదు. జిల్లా కోర్టులో ఛాంబర్లు తాత నుంచి మనవడికి వస్తాయి. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవాడు, నాకు ఇచ్చేందుకు ఆయనకు ఛాంబర్ లేదు. జూనియర్‌గా చేరదామని వెళ్లిన ఒక చోట ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఏ వైపు ఇల్లు అని అడిగారు. ఫీజుల్లేని మొదటి మూడేళ్లు ఎవరు భరిస్తారు? ఈ లెక్క తేల్చకుండా త్యాగం గురించి మీకు ఉపన్యాసం ఇస్తే అది అన్యాయం.

కాబట్టి మీకే కాదు, ఇక్కడున్న ఉద్యోగులకు, అధ్యాపకులకు కూడా చెప్తున్నాను. భిలాయిలో జయంతి సభలకు మనం చందాలు వేసుకుంటాం. అందులో కొంత ఇద్దరు జూనియర్ల మూడేళ్ల ఖర్చుకు పక్కన పెట్టండి. ఒకరు దుర్గ్‌లో, ఒకరు బిలాస్‌పూర్‌లో ఉండాలి. కింద నడుస్తున్న కేసు పైకి వెళ్లేసరికి ఇద్దరూ ఆ ఫైలు కలిసి చదివినవాళ్లై ఉండాలి. అధ్యాపకులు చుండూరు, కారంచేడు తీర్పులే కాదు, దొరికినంత వరకు వాంగ్మూలాలు కూడా తరగతిలో చదివించండి. తీర్పు చదివితే ఓడిపోయామని తెలుస్తుంది, ఏ వాంగ్మూలంలో ఏ ప్రశ్న అడగకుండా వదిలేశామో మాత్రం వాంగ్మూలమే చెప్తుంది.

విద్యార్థులు వచ్చే సోమవారం దుర్గ్ కోర్టుకు రండి. నల్ల కోటు అక్కర్లేదు. సాక్షి బోనుకు దగ్గరగా కూర్చుని, సాక్షి చెప్పింది ఒక కాగితం మీద, టైపైంది ఇంకో కాగితం మీద రాసుకోండి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మీ చదువు అక్కడి నుంచి మొదలవుతుంది.

జై భీమ్.