బండికీ చోటున్న ఇల్లు

మూడు తరాలుగా మేము బడిపంతుళ్ళం. సాయంకాలపు తరగతుల్లో నేర్చిన తెలుగులో నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఉద్యోగం విరమించాక ఆర్.వి.లో దేశమంతా తిరగాలని మనలో చాలామందికి కోరిక. ఆ బండిని నిలుపుకొనే చోటున్న ఇల్లు దొరకడమే కష్టం. మన పల్లెల్లో ఇంటి పక్కన ఎడ్లబండి నిలిపితే అడిగేవారు లేరు. ఇక్కడ అడిగేవారు ఇద్దరు: నగరపాలక సంస్థ, గృహయజమానుల సంఘం. నగరం ఒప్పుకొన్నా సంఘం కాదనవచ్చు, జరిమానా వేయవచ్చు. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన చట్టం, వీధికీ, పక్కింటికీ కనబడకుండా పెట్టుకొన్న ఆర్.వి.ని సంఘం కాదనరాదని చెప్పింది. అన్ని రాష్ట్రాల్లోనూ అంతేననుకోరాదు. కాబట్టి ఏజెంటు నోటిమాట చాలదు. కౌంటీలో నమోదైన సంఘ నిబంధనలూ, నగర నియమాలూ సంతకానికి ముందే చదవాలి.

ఆ తరువాత టేపు పట్టాలి. పెద్ద బండి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, ఎత్తు 12, 13 అడుగులు. పొడవు 40 అడుగులు దాటవచ్చు. వీధి మలుపులో అది తిరగాలి. తీగలు, కొమ్మలు తగలరాదు. నేల బరువు మోయాలి. బండిని బట్టి 30 లేక 50 ఆంపియర్ల కరెంటు కావాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెన్షను మీద బ్రతికే మాబోటివారికి రెండవసారి ఇల్లు మార్చే శక్తి ఉండదు. వంటిల్లూ పూజగదీ చూచి మురిసేముందు పక్కసందు కొలవండి. సెలవు.