వలస, సుగ్గి, కాందిశీకుడు

ఊరు విడిచి పోవుటను గూర్చి మన భాషలో ఎన్ని మాటలున్నవో ఎన్నడైనను లెక్కించితిమా? ద్రోణాచలమను పేరుగల డోన్ కూడలి నుండి రైలుదారులు గుంతకల్లునకు, కర్నూలునకు, నంద్యాల మీదుగా గుంటూరునకు సాగుచున్నవి. వానలు తప్పిన యేడు ఈ సీమవారు పనిని వెదకుచు పోవు దారులును ఇవియే. వారితోపాటు నడచిన మాటలను కొన్నింటిని నేడు పరిశీలింతము.

మొదటిది 'వలస'. కన్నడమున 'వలసె', తమిళమున 'వలసై' దీని తోబుట్టువులు. కడపలో కొలువు చేసిన బ్రౌనుదొర 1852లో ప్రకటించిన తన నిఘంటువులో, శత్రుసైన్యమునకు వెఱచి ఇల్లు విడిచి పోవుటయని దీనికి అర్థము చెప్పెను. అనగా ఆనాడు జనులను తఱిమినది దండు. దండ్లు పోయినవి, మాట నిలిచినది. దండు స్థానమున కరవు వచ్చి కూర్చున్నది. 1876-78 నాటి ధాత కరవు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను తీవ్రముగా పీడించినది. 1876 ధాత సంవత్సరమగుటచే ఆ పేరు వచ్చినది.

ఉత్తరాంధ్రమున ఈ మాట ఊళ్లకు పేరైనది. కొత్తవలస వంటి గ్రామములు అచ్చట అనేకము. పోయినవారు ఒకచోట కుదురుకొనగా, పోకను తెలుపు మాటయే నివాసమునకు పేరయ్యెను.

ఇంగ్లీషువారు దేశము విడుచుటను ఎమిగ్రేషన్ అనియు, దేశము చేరుటను ఇమిగ్రేషన్ అనియు అందురు. మనకు వలస ఒక్కటే. పోవుట, వచ్చుట యను క్రియలు మాత్రము మారును. డోనునుండి వలసపోయినవాడే గుంటూరునకు వలసవచ్చినవాడు. మనిషి ఒక్కడే, చూచువారు నిలిచిన చోటు వేఱు. పరదేశపు ఏలుబడికి కూడ వలసరాజ్యమను పేరు పెట్టితిమి. మూట నెత్తిన బెట్టుకొని పోవువానికిని, ఓడలపై వచ్చి ఏలినవానికిని ఒక్క మాటయే చెల్లుట వింత గదా!

ఇక 'సుగ్గి'. కన్నడమున ఇది పంటకోతల కాలము, ఆ కాలపు సంబరము. ఆదోని, కోసిగి ప్రాంతములకు వచ్చుసరికి, సుగ్గికి పోవుట యనగా పరుల పొలములలో పత్తి తీయుటకో, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకో పిల్లాపాపలతో తరలుట. పంట ఒకరిది, ప్రయాణము మఱియొకరిది. బిడ్డల చదువు నడుమ ఆగిపోవును. ఇంట ముసలివారు మిగులుదురు. అయినను పోవువాడు 'కరవుకు పాఱిపోవుచున్నాను' అనడు, 'సుగ్గికి పోవుచున్నాను' అనును. ఆ మాటలో వాని అభిమానము దాగియున్నది.

పొరుగున పాలమూరు కూలీలను కూడగట్టి తీసికొనిపోవువానిని గుంపుమేస్త్రి యందురు. బర్మా వెళ్లిన తెలుగు కూలీలకును మేస్త్రియే పెద్ద. ఈ మేస్త్రి పోర్చుగీసుల 'మెస్త్రె' నుండి వచ్చినవాడు. వలసను నడపు మాటయే సముద్రము దాటి వలసవచ్చినది.

చివరిది 'కాందిశీకుడు'. సంస్కృతమున 'కాం దిశమ్' అనగా 'ఏ దిక్కునకు?' అని. ఏ దిక్కునకు పోదునని తల్లడిల్లువాడు కాందిశీకుడు. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమింపగా, అచ్చటి తెలుగువారెందఱో కొండలు, అడవులు కాలినడకన దాటి స్వదేశము చేరిరి. ఆ మాటకు నిండు అర్థము వారి నడకలో కనబడినది. బర్మానుండి తిరిగివచ్చిన వారి గుర్తుగా విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని కలదు.

కాందిశీకునకు దిక్కు తెలియదు. సుగ్గికి పోవువానికి తెలియును. వెనుక ఒక ఊరు, తాళము వేసిన ఒక ఇల్లు వానికి కలవు. 'వలసకూలీ' యని అందఱిని ఒక్క పేరున పిలుచునపుడు మనము మఱచునది దీనినే. వలస యను మాటలో తిరిగివచ్చుట లేదు. సుగ్గి యనునది ఒక కాలము. కాలమునకు ముగింపు కలదు. అది ముగియగానే వాడు ఇల్లు చేరవలెను. చేరుటకు ఊరిలో నీరును, పనియు ఉండవలెను.